'నేనే టాపర్ని' అని రోజూ చెప్పుకుంటున్నా టెన్షన్ ఎందుకు తగ్గట్లేదు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే గోల. పిల్లలు టెన్షన్‌తో సతమతమవుతున్నారు, చుట్టూ ఉన్నవాళ్లంతా 'పాజిటివ్‌గా ఆలోచించు' అని చెప్పేసి వెళ్లిపోతున్నారు, ఎలా ఆలోచించాలో మాత్రం ఎవరూ చెప్పట్లేదు. అందుకే ఆ ఉత్తరాలన్నీ ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాను. పేర్లు వేయొద్దని అడిగారు, వేయడం లేదు.

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాను. అమ్మ కువైట్‌లో ఇళ్లల్లో పని చేసి నా ఫీజు పంపిస్తోంది. ఇక్కడ వారం వారం టెస్టు పెట్టి ర్యాంకులు బోర్డు మీద అంటిస్తారు. ఆ మధ్య ఒక సారు వచ్చి, రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి 'నేనే బెస్ట్, నేనే టాపర్ని' అని గట్టిగా చెప్పుకోమన్నారు. చెప్పుకుంటున్నాను. కానీ చెప్పిన ప్రతిసారీ లోపల్నించి ఇంకో గొంతు 'అబద్ధం, పోయిన వారం ఫిజిక్స్‌లో ఎన్నొచ్చాయో గుర్తు లేదా' అంటోంది. ముందుకన్నా భయం ఎక్కువైంది. అమ్మ ఫోన్ చేస్తే బాగానే ఉన్నానని చెబుతున్నాను. నాలోనే ఏదైనా లోపం ఉందాండీ?

జవాబు: లేదమ్మా, ఏ లోపమూ లేదు. నీకు జరిగినట్టే చాలామందికి జరుగుతుంది, దీని మీద పరిశోధన కూడా ఉంది. కెనడాలో జోఆన్ వుడ్ అనే సైకాలజిస్టు, ఆమెతో పనిచేసినవాళ్లు 2009లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. కొంతమంది చేత 'నేను ప్రేమించదగిన మనిషిని' అని పదే పదే అనిపించారు. తమ మీద తమకు ముందే మంచి అభిప్రాయం ఉన్నవాళ్లకి కాస్త హాయిగా అనిపించింది. అసలే తమని తాము తక్కువగా చూసుకునేవాళ్లకి మాత్రం ఆ మాట అనుకోనివాళ్లకన్నా ఎక్కువ బాధ కలిగింది. అంటే మందు ఎవరికి కావాలో వాళ్లకే వికటించిందన్నమాట.

ఎందుకంటే మనం ఏ మాట చెప్పుకున్నా మనసు దానికి సాక్ష్యం అడుగుతుంది. నువ్వు 'నేనే టాపర్ని' అనగానే అది బోర్డు మీద ర్యాంకు తెచ్చి నీ కళ్లముందు పెడుతుంది, నువ్వు ఇంకా గట్టిగా అంటే అది ఇంకో టెస్టు పేపరు తెస్తుంది. పొద్దున్నే లేచి నీతో నువ్వే తగువు పెట్టుకుని, ఓడిపోయి, ఆ నీరసంతో క్లాసుకి వెళ్తున్నావు. కాబట్టి రేపట్నించి ఆ అద్దం ముందు కార్యక్రమం మానెయ్యి. దాని బదులు మనసు కాదనలేని మాట ఒకటి వెతుక్కో.

కాదనలేని మాట అంటే ఎలా ఉంటుందో చెప్తాను. పోయిన వారం ఫిజిక్స్ పేపరు బయటికి తియ్యి. మార్కు చూడకు, తప్పుల దగ్గరికి వెళ్లు. ఉదాహరణకి కరెంటు సర్క్యూట్లలో వచ్చే కిర్కాఫ్ నియమాల లెక్క తప్పిందనుకో. పద్ధతి వచ్చు, సమీకరణాలు రాశావు, కానీ లూప్‌లో ఒక రెసిస్టెన్స్ దగ్గర ప్లస్ పెట్టాల్సిన చోట మైనస్ పెట్టావు. అప్పుడు నువ్వు చెప్పుకోవాల్సిన మాట ఇది: 'నాకు ఈ లెక్క సగం వచ్చు. గుర్తుల దగ్గర తప్పుతున్నాను. కరెంటు దిశలో వెళ్తే మైనస్, ఎదురు వెళ్తే ప్లస్. ఇవాళ ఇలాంటివి నాలుగు చేస్తాను.' ఈ మాటని నీ లోపలి గొంతు కాదనలేదు, ఎందుకంటే ఇందులో గొప్పలు లేవు, అంతా పేపరు మీద ఉన్నదే. పైగా చివర్లో చేయాల్సిన పని ఉంది. భయంలో ఉన్న మనిషికి పొగడ్త కన్నా చేతికి ఒక పని దొరకడమే ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

ఇంకొకటి, నీతో నువ్వు మాట్లాడుకునేటప్పుడు 'నేను, నేను' అనకుండా ఇంట్లో నిన్ను ఏ ముద్దుపేరుతో పిలుస్తారో ఆ పేరుతో పిలుచుకుని చూడు. 'చూడు చిట్టీ, ఇది వారం టెస్టు, ఫైనల్ కాదు, ముందు వచ్చిన లెక్కలు చేసెయ్యి' అన్నట్టు. వినడానికి విడ్డూరంగా ఉందా? అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఈథన్ క్రాస్ అనే ఆయన బృందం ఇదే పరీక్షించింది. 2014లో వచ్చిన ఆ పరిశోధనలో, నలుగురి ముందు మాట్లాడబోయే ముందు తమని తాము పేరు పెట్టి పిలుచుకుని మాట్లాడుకున్నవాళ్లు, 'నేను' అనుకున్నవాళ్లకన్నా తక్కువ కంగారుపడ్డారు, బాగా మాట్లాడారు, తర్వాత దాన్నే తల్చుకుని కుమిలిపోవడం కూడా తగ్గింది. ఇది నీకు కొత్తేమీ కాదు. నీ పక్క బెడ్ అమ్మాయికి నీకు వచ్చినన్ని మార్కులే వచ్చి దుప్పటి కప్పుకుని ఏడుస్తుంటే నువ్వు వెళ్లి 'నువ్వు దేనికీ పనికిరావే' అంటావా? 'ఏ చాప్టర్‌లో పోయాయే, చూద్దాం రా' అంటావు. ఆ మాటే, ఆ గొంతుతోనే, నీకు నువ్వు చెప్పుకోవాలి. అంతే కావాల్సింది.

కానీ ఒక విషయం నిక్కచ్చిగా చెప్పాలి. నిద్ర లేకపోతే ఏ మాటా పనిచేయదు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణుల సిఫార్సు, మీ హాస్టళ్ల టైంటేబుల్ చూస్తే అందులో అంత చోటు ఎక్కడుందో నాకు కనబడదు. కనీసం స్టడీ అవర్ అయ్యాక దుప్పట్లో టార్చిలైటు పెట్టుకుని చదవడం మానెయ్యి. అమ్మతో కూడా 'బాగానే ఉన్నాను' ఒక్కటే చెప్పకు. 'భయంగా ఉందమ్మా, చదువుతున్నాను, ఫిజిక్స్ కష్టంగా ఉంది' అని చెప్పు. దూరాన ఉన్న మనిషికి బెంగ పెట్టకూడదని నువ్వు దాస్తున్నావు, అక్కడ నీకు బెంగ పెట్టకూడదని ఆవిడా దాస్తూ ఉండి ఉంటుంది. ఆ ఫోను పది నిమిషాలైనా నిజం మాట్లాడుకుంటే ఇద్దరికీ బరువు తగ్గుతుంది.

ప్రశ్న: ఉండి మండలంలో రొయ్యల చెరువులు చేస్తానండి. మా అబ్బాయి పదో తరగతి. చదువుకునేటప్పుడు తనలో తనే పైకి మాట్లాడుకుంటాడు. 'ఆగరా, ఇది కాదు, మళ్లీ చెయ్' అనుకుంటూ ఉంటాడు. మొన్న వరండాలో వింటే 'నీకేం రాదురా, నువ్వింతే' అని తలకొట్టుకుంటున్నాడు. వాళ్ల నానమ్మ దిష్టి తీసింది. ఇదేమైనా మానసిక జబ్బా అండీ? చెప్పొద్దూ, పోయిన పంట రొయ్యలకి వైట్ స్పాట్ తెగులు వచ్చి తుడిచిపెట్టుకుపోయింది, ఇంట్లో అందరం చిరాగ్గానే ఉంటున్నాం.

జవాబు: జబ్బు కాదండీ, కంగారుపడకండి. చిన్నపిల్లలు ఆడుకుంటూ పైకే మాట్లాడుకోవడం మీరు చూసే ఉంటారు. వయసు వచ్చేకొద్దీ ఆ మాట లోపలికి వెళ్లి ఆలోచనగా మారుతుందని, పని కష్టమైనప్పుడు మళ్లీ పైకి వస్తుందని సోవియట్ మనస్తత్వ శాస్త్రవేత్త వైగోట్‌స్కీ 1930ల్లోనే రాశారు. కాబట్టి 'ఆగరా, మళ్లీ చెయ్' అనుకోవడం మంచి అలవాటే, ఆపించకండి. ఎవరికీ వినబడని గొంతులు తనకి వినబడుతున్నాయనో, ఎవరో తనని ఆదేశిస్తున్నారనో చెబితే మాత్రం అది వేరే సంగతి, అప్పుడు ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టుకి చూపించాలి. మీరు రాసినదాంట్లో అలాంటి లక్షణం కనబడలేదు.

నన్ను ఆపింది ఆ రెండో మాట. 'నీకేం రాదురా, నువ్వింతే.' మీ మనసు కష్టపెట్టాలని అడగట్లేదు కానీ, ఆ మాట వాడు ఎక్కడ విన్నాడో ఒకసారి గుర్తుచేసుకోండి. ఇంట్లోనో, బళ్లోనో, ట్యూషన్‌లోనో ఎవరో ఒకరు అనే ఉంటారు. పిల్లలు మన మాటల్ని మన గొంతుతో సహా లోపల దాచుకుంటారు, మనం ఎదురుగా లేనప్పుడు కూడా అవే వాళ్లకి వినబడుతుంటాయి. మీకు అప్పులు, మేత ఖరీదు, కౌంట్ రేటు, కరెంటు ఎప్పుడు పోతుందోనన్న భయం, ఇన్ని ఉన్నాయి, నోరు జారడం ఎవరికైనా సహజమే. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలుతుంటే మీరు చెరువుని తిడుతూ గట్టుమీద నిలబడరు కదా, పరుగెత్తి ఏరేటర్లు వేస్తారు. అబ్బాయి దగ్గర కూడా అంతే చేయండి. 'ఏ లెక్క దగ్గర ఆగిపోయావురా?' అని అడగండి. లెక్క మీకు రాకపోయినా పర్లేదు, పక్కన కూర్చుని వాడు చేసేది చూస్తే చాలు. ఇంకో పని, వాడు వినేలా మీతో మీరు మంచిగా మాట్లాడుకోండి. 'పంట పోయింది, బాధగానే ఉంది, ఈసారి రొయ్య పిల్లని టెస్టు చేయించే చెరువులో వేద్దాం' అని మీరు అనడం వాడు వింటే, ఓడినప్పుడు ఎలా మాట్లాడుకోవాలో వాడికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

దిష్టి తీస్తే నష్టమేమీ లేదు, నానమ్మని తీయనివ్వండి.

ప్రశ్న: నేను పాలకొల్లులో ఉంటాను. మా చెల్లెలి కూతురు డిగ్రీ రెండో ఏడు, మా ఇంట్లోనే ఉంటోంది. నెల రోజులుగా సరిగ్గా తినట్లేదు, కాలేజీకి వెళ్లట్లేదు. 'నేను లేకపోతే అందరికీ హాయి పెద్దమ్మా' అని రెండుసార్లు అంది. పాజిటివ్ వీడియోలు పంపిస్తే చూడట్లేదు. ఏ మాటలు చెప్పుకోమనాలి?

జవాబు: అమ్మా, వీడియోలు ఆపండి. ఈ పరిస్థితిలో ఆ అమ్మాయి తనకి తాను చెప్పుకునే మాటలతో కుదిరే పని కాదు, మనుషులు కావాలి, డాక్టరు కావాలి, అదీ వెంటనే. ఇవాళే పక్కన కూర్చుని నేరుగా అడగండి: 'చచ్చిపోవాలని అనిపిస్తోందా తల్లీ?' అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. పుట్టదు. అడిగితే మాట్లాడటానికి దారి దొరుకుతుంది. చెప్పేది వినండి, 'అలా అనకూడదు, తప్పు' అని నోరు మూయించకండి, 'మీ అమ్మ ఎంత కష్టపడుతోందో తెలుసా' అని అసలే అనకండి.

అవుననే అంటే, లేదా మీకు అనుమానంగా ఉంటే, ఒంటరిగా వదలకండి. మన వైపు ఏ ఇంట్లో చూసినా పురుగుమందు డబ్బా వసారాలోనో కొట్టులోనో ఉంటుంది. ఇవాళే తీసి ఆమెకి అందనిచోట తాళం వేయండి, ఇంట్లో ఉన్న మాత్రలు కూడా. టెలీ మానస్ నంబరు 14416 కి ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. మీరైనా చేయొచ్చు, అమ్మాయైనా చేయొచ్చు. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అంత దూరం వద్దనుకుంటే భీమవరంలోనో రాజమండ్రిలోనో సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. పోలీసు కేసు అవుతుందన్న భయం కొందరిని ఆపేస్తుంది కాబట్టి ఇది కూడా చెబుతున్నాను: చచ్చిపోవాలన్న ఆలోచనలతో డాక్టరు దగ్గరికి వెళ్తే ఏ కేసూ ఉండదు. ప్రాణం తీసుకోబోయిన మనిషిని కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలి తప్ప శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఊళ్లో ఏమనుకుంటారోనని ఒక్క రోజు కూడా ఆగకండి.

ప్రశ్న: అమలాపురం. బీటెక్ అయి మూడేళ్లు. గ్రూప్స్‌కి చదువుతూ మధ్యలో ప్రైవేటు ఇంటర్వ్యూలకి వెళ్తున్నాను. రెండు చోట్ల చివరి రౌండ్ దాకా వెళ్లి పోయింది. లోపలికి పిలవగానే గుండె దడదడా కొట్టుకుంటుంది, చేతులు చల్లబడతాయి, ఇంగ్లీషు రాదు. 'కూల్‌గా ఉండు' అని ఎన్నిసార్లు అనుకున్నా తగ్గదు. మొన్న సంక్రాంతికి చుట్టాలు 'ఇంకా ఖాళీయేనా' అంటారని గది దాటి బయటికి రాలేదు. నా బతుకింతే అనిపిస్తోంది.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 'కూల్‌గా ఉండు' తీసెయ్. భయమేసినప్పుడు ఊరే అడ్రినలిన్ అనే హార్మోన్ ఒంట్లో పరుగెడుతున్నప్పుడు గుండెని 'నెమ్మదించు' అంటే అది వినదు, వినకపోయేసరికి నీకు ఇంకో భయం మొదలవుతుంది, అయ్యో తగ్గట్లేదే అని. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో చూపించిందేంటంటే, నలుగురి ముందు మాట్లాడటానికీ పాడటానికీ లెక్కలు చేయడానికీ ముందు 'నాకు ఉత్సాహంగా ఉంది' అని చెప్పుకున్నవాళ్లు, ప్రశాంతంగా ఉండాలని చూసినవాళ్లకన్నా బాగా చేశారు. భయంలోనూ ఉత్సాహంలోనూ గుండె ఒకేలా కొట్టుకుంటుంది కాబట్టి, ప్రశాంతతలోకి దూకడం కన్నా ఉత్సాహంలోకి జరగడం తేలిక. పందెం రోజు పడవ ఎక్కే కుర్రాడికీ గుండె దడే ఉంటుంది, దాన్ని వాడు జబ్బనుకోడు. బయట కుర్చీలో కూర్చున్నప్పుడు 'ఒళ్లు రెడీ అవుతోంది, మంచిదే' అనుకో. ఊపిరి నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదులు. వదలడం ఎక్కువసేపు ఉండాలి, గుండె వేగం తగ్గేది అప్పుడే.

'నా బతుకింతే' అనే మాట సంగతి వేరు. 1960ల్లో ఆరన్ బెక్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు, దిగులుతో ఉన్నవాళ్ల బుర్రలో ఇలాంటి మాటలు అడక్కుండానే వచ్చి పడుతుంటాయని, వాటిని పట్టుకుని నిజమో కాదో పరీక్షించొచ్చని గమనించి దాని మీద చికిత్సే తయారుచేశాడు. నువ్వూ ఒక కాగితం తీసుకో. పైన 'నా బతుకింతే' అని రాయి. దాని కింద జరిగినవి మాత్రమే రాయి. నీ ఉత్తరంలోంచే నేను రాస్తాను: 'రెండు చోట్ల చివరి రౌండ్ దాకా వెళ్లాను. ఇంగ్లీషులో మాట్లాడాల్సి వచ్చేసరికి ఆగిపోతున్నాను.' ఈ రెండు వాక్యాలూ, పైన రాసిన మాటా ఒకటేనా? కింది వాక్యాలకి మందుంది. రోజూ సాయంత్రం ఎవరో ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకుని, 'మీ గురించి చెప్పండి' దగ్గర్నించి మొదలుపెట్టి ఇంగ్లీషులోనే మాట్లాడు, ఫోన్‌లో రికార్డు చేసుకుని విను. కాలువ గట్టుమీద నడుస్తూ చేసినా సరే.

ఉద్యోగాలు తక్కువ ఉండటం, నోటిఫికేషన్లు ఆలస్యమవడం నీ ఆలోచనల తప్పు కాదు. నువ్వెంత పాజిటివ్‌గా మాట్లాడుకున్నా పోస్టులు పెరగవు, అది నీకెవరైనా వేరేలా చెబితే నమ్మకు. ఈ మాటల ఉపయోగం ఒకటే, ఆ కష్టం మధ్యలో కూడా నువ్వు చేయగలిగిన పని చేసేలా నిన్ను నిలబెట్టడం. ఇక చుట్టాల సంగతంటావా, జవాబు ముందే తయారుచేసి పెట్టుకో: 'గ్రూప్స్ రాస్తున్నాను బాబాయ్, రాగానే మీకే ముందు ఫోన్ చేస్తాను.' నవ్వుతూ అనేసి 'మీ మోకాలి నొప్పి ఎలా ఉంది' అని అడిగెయ్. వచ్చే సంక్రాంతికి గదిలో కూర్చోకు, మీ అమ్మ వండిన బొబ్బట్లు చల్లారిపోతాయి.

ప్రశ్న: నేను లంక గ్రామంలో హైస్కూల్ టీచర్ని. గోదావరికి వరదొచ్చిన ప్రతిసారీ మా పిల్లలకి బడి పోతుంది, సిలబస్ వెనకబడుతుంది. పదో తరగతి పరీక్షలంటే వణికిపోతున్నారు. క్లాసులో అందరితో కలిసి చేయించదగింది ఏమైనా ఉందా?

జవాబు: ఉందండీ, ఖర్చు లేనిదే. చికాగో విశ్వవిద్యాలయంలో జెరార్డో రమిరెజ్, సియాన్ బైలాక్ 2011లో ప్రచురించిన పరిశోధనలో, పరీక్షకి కాస్త ముందు 10 నిమిషాల పాటు తమ భయాలన్నీ కాగితం మీద రాసిన పిల్లలకి, అందులోనూ పరీక్షలంటే బాగా బెదిరిపోయేవాళ్లకి, మార్కులు మెరుగయ్యాయి. బుర్రలో తిరుగుతున్న భయం కాగితం మీదకి దిగితే లెక్కకి చోటు దొరుకుతుందని వాళ్లు అనుకున్నారు. మీరు ప్రీఫైనల్స్‌లోనే మొదలుపెట్టండి, అసలు పరీక్షల్లో కొత్తగా వద్దు. 'వరదలో పుస్తకాలు తడిసిపోయాయి, సోషల్ సగం చదవలేదు, ఫెయిలైతే నాన్న కొబ్బరి దింపుకి తీసుకెళ్లిపోతాడు', ఏది అనిపిస్తే అది రాయమనండి. స్పెల్లింగులు చూడనని ముందే చెప్పండి.

భయాలు రాయడం అయ్యాక కింద ఒక్క వాక్యం రాయమనండి, ఇదే భయంతో పక్క బెంచీ నేస్తం వస్తే వాడికి ఏం చెబుతావో అది. దాని ముందు తన పేరు చేర్చుకోమనండి. పిల్లలు అద్భుతమైన మాటలు రాస్తారు, పెద్దవాళ్లకి తట్టనివి. ఎవరైనా ఏమీ రాయకుండా కూర్చుంటే బలవంతపెట్టకండి. ఆ కాగితాలు మీరు తీసుకోవద్దు, చదవొద్దు, గోడకి అంటించనే వద్దు, ఎవరిది వాళ్లు చింపేసుకున్నా జేబులో పెట్టుకున్నా వాళ్లిష్టం. ప్రీఫైనల్స్ అయ్యాక ఎలా జరిగిందో మాకు రాయండి, పనిచేయకపోతే పనిచేయలేదనే రాయండి, వచ్చే సంచికల్లో వేస్తాం.